బండి ఆగితే వస్తావా?

మీరు జితేందర్‌ను ఒక్కసారైనా కలవాల్సిందే. కోరుట్ల బస్టాండు దగ్గర దిగి "జితేందర్ ఇల్లెక్కడ?" అని మాత్రం అడక్కండి, ఎవరూ చెప్పలేరు. "ఎర్రబండి జితన్న" అనండి. టీ పోస్తున్నవాడు కూడా గిన్నె కిందపెట్టి చెయ్యి చూపిస్తాడు. అసలు ఇంటిపేరు ఓటరు లిస్టులో ఎక్కడో ఉంది గానీ, ఇరవై రెండేళ్లపాటు ఎర్రరంగు ట్రాక్టర్లు అమ్మినందుకు ఊళ్లు కలిసి ఆయనకు పెట్టిన ఇంటిపేరు ఇది. అలాంటి మనిషి పోయినేడు నీలిరంగు ట్రాక్టర్లు అమ్మాల్సి వచ్చింది. ఆయన అలసటంతా అక్కణ్నుంచే మొదలైంది.

బయటివాళ్లకు ట్రాక్టర్ అంటే ట్రాక్టరే. ఇక్కడ అట్లా కాదు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ హోటల్లో కూర్చుని విన్నా, ఎలక్షన్ల గొడవ ఒక చాయ్‌తో తెగిపోతుంది, ట్రాక్టర్ల గొడవ తెగదు. మాస్సీ వాళ్లకు మాస్సీనే, స్వరాజ్ వాళ్లకు స్వరాజే, మహీంద్రా వాళ్లకు మహీంద్రానే. తయారీ ఎప్పుడో ఆగిపోయిన హెచ్ఎంటీని ఇప్పటికీ తుడిచి, బొట్టుపెట్టి, రేకుల షెడ్డులో దాచుకున్న ఇళ్లున్నాయి. అమ్ముతారా అని అడిగితే, మీ తాతను అమ్ముతారా అని అడిగినట్టు చూస్తారు. ఇక ఈ కథలో ఉన్నవి రెండు కంపెనీలు. వాటి పేర్లు రాస్తే రేపు రెండు వాడలవాళ్లూ పంచాయితీకి వస్తారు. కాబట్టి వాళ్లు పిలుచుకున్నట్టే పిలుద్దాం, ఎర్రబండి, నీలిబండి.

ఇదంతా ఉత్త పిచ్చి అనుకోకండి, వెనక బలమైన కారణమే ఉంది. నాట్లకు ముందు బురద పొలం దున్నాలంటే ట్రాక్టర్‌కు ఇనుప చక్రాలు బిగించాలి. అవి అందరి దగ్గరా ఉండవు. ఈరోజు అన్న పొలంలో తిరిగినవి రేపు తమ్ముడి పొలానికి, ఎల్లుండి బావ పొలానికి పోతాయి. ఎర్రబండివి నీలిబండికి పట్టవు, బోల్టు రంధ్రాలే కలవవు. ఊరి మెకానిక్కు ఏ బండి కడుపులో ఏముందో తెలుసో, ఆ బండివే సామాన్లు కొట్టులో పెట్టుకుంటాడు. డ్రైవర్ల చేతులకూ ఆ గేర్లే అలవాటు. అందుకే వాడలో మొదట దిగిన బండి ఏ రంగుదైతే, ఆ తర్వాత పదేళ్లు ఆ వాడంతా అదే రంగు. వేరే రంగు కొన్నవాడు వాడ మధ్యలో ఉండి కూడా ఒంటరివాడే.

కాబట్టి వాడలో కొత్త రంగు బండి కొనేవాడు మైలేజీ గురించి, హార్స్ పవర్ గురించి పెద్దగా అడగడు. అమ్మేవాడి మొహంలోకి చూసి ఒకే మాట అడుగుతాడు. "బండి ఆగితే అస్తవా?"

జితేందర్‌ను ఈ మాట మొదట అడిగినవాడు ఎల్లన్న. రాయికల్ దగ్గరి పల్లె. రెండువేల మూడో సంవత్సరం. జితేందర్‌కు అప్పుడు పాతికేళ్లు, డిగ్రీ అయిపోయి కోరుట్ల సేటు దగ్గర ఎర్రబండ్ల షోరూంలో చేరిన కొత్త. ఎల్లన్న వాడలో అప్పుడున్నవన్నీ నీలిబండ్లే. ఆ యేడు నాట్ల సమయంలో పాలోళ్లతో, అంటే దాయాదులతో, మాటామాటా పెరిగి, వాళ్లు ఎల్లన్నకు ఇనుప చక్రాలు ఇవ్వలేదు. ఎల్లన్నకు తిక్క లేచింది. మీ చక్రాలే కాదు, మీ రంగే నాకొద్దని కోరుట్లకు వచ్చాడు.

"బండి ఆగితే అస్తవా తమ్మీ? మా వాళ్లు నవ్వుతందుకు ఎదురుసూస్తున్నరు."

"అస్తనే అన్నా. అర్ధరాత్రి పిలిచినా అస్త."

పాతికేళ్లవాడు ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది! బండి కొని మూడోరోజే బురదలో ఆగింది. గట్టు మీద పాలోళ్లు నిలబడి ఈలలు వేశారు. జితేందర్ వచ్చాడు. తొడల్లోతు బురదలో దిగి చూసి, సామాను పోయిందని తేల్చి, బస్సెక్కి కరీంనగర్ పోయి, పట్టుకొని మళ్లీ వచ్చాడు. ఆ రెండు పంటల్లో పదకొండుసార్లు పోయాడు. బిగించడం తనకు రాకపోతే రాయికల్‌లో చిన్న రేకుల కొట్టు నడిపే పాషాను వెంట తీసుకుపోయాడు. పాషా ఎర్రబండి పని నేర్చుకున్నది ఎల్లన్న పొలంలోనే. మూడో ఏడు ఈలలు వేసినవాళ్లలోనే ఒకాయన కోరుట్ల షోరూం ముందు దిగాడు. ఆరేళ్లలో వాడంతా ఎర్రబడింది. ఆ వాడను చూసి పక్క ఊరు, దాన్ని చూసి ఇంకో ఊరు. జితేందర్ ఎర్రబండి జితన్న అయ్యాడు.

ఇప్పుడాయనకు నలభై ఏడు. మోటార్ సైకిల్ మీద ఎన్ని వేల ఊళ్ల గుంతలు ఎక్కి దిగాడో నడుముకు తెలుసు. వెన్నులో రెండు పూసలు అరిగాయని జగిత్యాల డాక్టర్ బెల్టు ఇచ్చాడు. చొక్కా కింద అది ఎప్పుడూ ఉంటుంది. సేటు పోయినేడు చనిపోయాడు, కొడుకులు ప్లాట్ల వ్యాపారంలో ఉన్నారు, ఏజెన్సీ వదిలేశారు. ఎర్రబండి కంపెనీ దాన్ని వేరేవాళ్లకు ఇచ్చింది, వాళ్లకు వాళ్ల మనుషులున్నారు. ఖాళీగా కూర్చున్న రెండోనెల జగిత్యాల నీలిబండ్ల షోరూం నుంచి ఫోన్ వచ్చింది.

అక్కడి మేనేజర్ అఖిల్. ఎంబీఏ, ఇరవై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ చొక్కా, మంచివాడే. మొదటిరోజే భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నువ్వు ఏం మాట్లాడకున్నా సరే. ఊళ్లల్ల నీలిబండి పక్కన ఊకె నిలబడు. ఎర్రబండి జితన్ననే ఇటు అచ్చిండంటే ఇగ చెప్పుడేమున్నదే?"

ఊకె నిలబడడమే అన్నిటికంటే కష్టమని ఆయనకు వారంలోనే తెలిసింది. బ్యాగులో నీలిరంగు కాగితాలు పెట్టుకుని ఏ ఊళ్లో బండి ఆపినా పదిమంది మూగేవారు.

"ఏందే జితన్నా, ఎర్రబండి కలర్ ఎలిసిందా?"

"నీలిబండి కొంటె పెండ్లాం గూడ తల్లిగారింటికి పోతదని చెప్తివి గదనే మాకు! ఇప్పుడు అదినె ఎక్కడున్నది?"

"కంపెనీ మారింది తమ్మీ, నేను మారలే," అనేవాడు జితేందర్.

"గంతే, గంతే. రేపు ఆకుపచ్చ బండి అమ్మినా నువ్వు మారవు."

నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి. ఎక్కడికి పోయినా ఫోన్‌లో లొకేషన్ పెట్టాలి, రైతుతో ఫోటో దిగి గ్రూపులో వేయాలి. ఇరవై రెండేళ్లు ఎక్కడున్నావని ఒక్కరూ అడగని మనిషికి అదొక కొత్త బరువు.

నిజానికి నీలిబండిలో తప్పేమీ లేదు. అదే ఆయనను ఎక్కువ తిప్పలు పెట్టింది. తోలి చూశాడు, మెత్తగా పోతుంది, బరువు బాగా లాగుతుంది, సీటు నడుముకు హాయిగా ఉంది. ఇన్నేళ్లు ఈ బండినా నేను తిట్టింది అనిపించింది. అయినా ఆయన తిరిగే ఊళ్లలో ఆ బండికి చుట్టాలు లేరు. ఆరు మండలాలకు కలిపి ఒకటే సర్వీసు వ్యాను. నాట్ల రోజుల్లో దాని వంతు వచ్చేసరికి మూడు రోజులు, నాలుగు రోజులు.

కొడిమ్యాలలో రాజేశం అనే రైతుకు మే నెలలో ఒక నీలిబండి అమ్మాడు. ఆయనా అదే మాట అడిగాడు. నోటికి ఇరవై రెండేళ్ల అలవాటు కదా, "అస్తనే" అన్నాడు జితేందర్. జులైలో బండి పొలంలో ఆగింది. ఆరోజు జితేందర్ పక్కకు తిరగలేక మంచంలో పడి ఉన్నాడు. పొద్దున్నుంచి రాజేశం ఫోన్ మోగుతూనే ఉంది. మొదటిసారి ఎత్తి, "దార్ల ఉన్న కాకా, అస్తున్న," అన్నాడు. రెండోసారి, "జగిత్యాల దాటిన," అన్నాడు. ఆ తర్వాత ఎత్తలేదు. దిండు కింద పెట్టుకుని దాని వణుకు వింటూ పడుకున్నాడు. భార్య రజిత గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతూ ఒక్కసారి తల తిప్పి చూసింది. వ్యాను నాలుగోరోజు పోయింది. అప్పటికి నారు ముదిరింది. రాజేశం తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తర్వాత ఓరోజు కొడిమ్యాల సెంటర్లో ఎదురుపడి, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు మొహం తిప్పుకుని పోయాడు.

ఇంతలో దసరా దగ్గరికొచ్చింది. పండుగకు బండి ఇంటికి రావాలని అందరికీ ఉంటుంది, షోరూంలకు అదే పెద్ద సీజన్. అఖిల్ లోపలికి పిలిచాడు.

"అన్నా, రెండు నెలల సంది నీ దిక్కుకెళ్లి ఒక్క బుకింగ్ లేదు. ఓనర్ రోజూ అడుగుతుండు. రాయికల్ కాడ నువ్వు ఎర్రగ చేసిన వాడ ఉన్నది సూడు, ఆడ బండ్లన్ని పాతయ్యినయి. దసరాకు ఒక్కటన్న ఆడ దింపు, ఎనుక అన్నీ అస్తయి. గది చేస్తె నిన్నెవ్వరు కదిలియ్యరు. లేకుంటె నాతోని ఆగది అన్నా."

ఆ మరునాడే, దేవుడు విన్నట్టు, గణేశ్ ఫోన్ చేశాడు. ఎల్లన్న కొడుకు. ఎల్లన్న పోయి ఎనిమిదేళ్లయింది. గణేశ్ తొమ్మిదేళ్లు మస్కట్‌లో లారీ తోలి వేసవిలోనే వచ్చేశాడు. ఇక పోడట. కొత్త ట్రాక్టర్ తీసుకుని కిరాయి దున్నకాలు, వడ్ల రవాణా చేద్దామని ఉంది.

"కాకా, నేను నీలిబండే తీసుకుంట. నువ్వేం చెప్పే అవుసరం లేదు నాకు. అమ్మనే. లోన్‌కు పెట్టే పాసుబుక్కు ఆమె పేరు మీదుంది. జితేందర్ అచ్చి చెప్తెనే సంతకం పెడ్తనంటుంది. నువ్వొక్కపారి అచ్చి కూసొని పో."

ఎర్రబండి ఇంట్లో పెరిగినవాడికి నీలిబండి మీద ఎందుకంత మోజు అంటే, దానికో పెళ్లి కథ ఉంది. గణేశ్ అత్తగారిది ఎల్లారెడ్డిపేట, ఆ ఇలాకా అంతా నీలిబండ్లు. పెళ్లికి మగపెళ్లివాళ్లు ఎర్రబండి ట్రాలీలో పోయారు. ఆరోజే వాన. విడిది ముందు మెత్తటి దుక్కిలో బండి దిగబడింది. ఆడపెళ్లివాళ్లు నీలిబండి తెచ్చి, గొలుసు కట్టి, పెళ్లికొడుకుతో సహా బయటికి లాగారు. అప్పట్నుంచి ఏ పండుక్కి పోయినా బావమరుదులు అడిగే మొదటి మాట, "బావా, గొలుసు తెమ్మంటవా?"

జితేందర్ పొద్దున తొమ్మిదింటికి కోరుట్లలో బయలుదేరాడు. పొలాలు పొట్ట మీద ఉన్నాయి. దారి పొడుగునా ఒకే లెక్క తలలో తిరిగింది. ఈ ఒక్కటి. ఇదొక్కటి అయితే, ఇంకో ఏడాది నిలబడొచ్చు. పిల్ల ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నలభై ఏడేళ్లవాణ్ని, అరిగిన నడుమువాణ్ని, కొత్తగా ఎవడు తీసుకుంటాడు?

ఎల్లన్న భార్య కొమురవ్వ వాకిట్లో మక్కలు ఆరబోస్తూ కనిపించింది. అరవై దాటిన మనిషి, కానీ ఆ వాడలో ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో ఇంకా ఆమె గొంతే చెబుతుంది. షెడ్డులో పాత ఎర్రబండి ఉంది.

"రా మరిదీ, రా. చొక్కా కింద గా పట్టా ఏందే?"

"ఏం లేదు అదినె. నడుము గింత పట్టేసింది."

"పట్టేసుడు కాదు, అరిగింది. మా బండికి రెండుసార్లు ఇంజన్ చేపిచ్చిన. నీకు చేసెటోడు దొరుకుతలేడు."

గణేశ్ కుర్చీ తెచ్చి వేశాడు, ఫోన్‌లో నీలిబండి వీడియో పెట్టి తల్లి ముందు పట్టాడు. ఆమె చూడలేదు. గణేశ్ భార్య సుధ చాయ్ తెచ్చింది.

"అత్తమ్మా, మా నాయిన బండి ఏడేండ్లకెళ్లి ఒక్కనాడు ఆగలే."

"ఎందుకాగుతది బిడ్డా? మీ నాయిన ఇంటెదురుంగనే నీలిబండ్ల మిస్త్రీ ఉండె. ఆగుమన్నా ఆగది." కొమురవ్వ మక్కలు రెండు చేతులతో పరుస్తూనే ఉంది. "నువ్వు చెప్పు జితేందరూ."

చెప్పాడు. అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. లాగుడు బాగుందన్నాడు, డీజిల్ మరీ తాగదన్నాడు, తాను తోలి చూశానన్నాడు. "బండి మంచిదే అదినె, ఒట్టు."

"మంచిది గాదని నేనన్ననా? మంచిది గాకపోతె గంతమంది ఎందుకు కొంటరు? మీ అన్న ఉన్నప్పుడు నువ్వు దాన్ని తిట్టిన తిట్లు గూడ నాకు యాదికున్నయి. అమ్ముకునెటోడు తిట్టకపోతె ఎట్ల? గది ఇడిసిపెట్టు." ఆమె చేతులు దులుపుకుని అరుగు మీద కూర్చుంది. "నా బండి ఈ వాడల ఒక్కతే ఉంటది. మందియి ఇనుప చక్రాలు దానికి పట్టయి. పాషాకు దాని పని తెల్వది. యాసంగి నాట్లల్ల నడుమ ఆగిందనుకో. నువ్వస్తవా?"

గణేశ్ నవ్వాడు. "అస్తడమ్మా. రాక ఎటు పోతడు? కాకనే గదా మన బండికి పదకొండుసార్లు అచ్చింది!"

జేబులో ఫోన్ వణికింది. అఖిల్ మెసేజ్. ఏం రాశాడో చూడకుండానే తెలుసు, ఆమె అడిగే ఈ ప్రశ్నకు పొద్దున ఫోన్‌లో అన్నమాటే. "అస్త అని చెప్పన్నా. వ్యాను పోతె నువ్వు పోయినట్టే గదా. గంతెందుకు ఆలోచిస్తవ్?"

నిజమే, ఎందుకు ఆలోచించాలి? కొడుక్కి కావాలి. తల్లి సంతకానికి సిద్ధంగా ఉంది. బండి మంచిది. బహుశా ఆగకపోవచ్చు కూడా. ఆగితే అప్పటి సంగతి అప్పుడు. అదీగాక ఈ ఇల్లు తీసుకుంటే పక్కిల్లు తీసుకుంటుంది, రెండేళ్లలో పాషా దాని పనీ నేర్చుకుంటాడు, చక్రాలూ దొరుకుతాయి. ఎర్రబండికి జరిగింది అదేగా. కాకపోతే ఆ మొదటి రెండేళ్లు ఎవరో ఒకరు పరుగెత్తాలి. అప్పుడు తను పరుగెత్తాడు. ఇప్పుడు మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లి, ఒక మోచెయ్యి ఆనించి, ఇంకో చేత్తో గోడ పట్టుకోవాలి.

మాట నాలుక చివరికి వచ్చింది. ఇన్నేళ్లు ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట. కొడిమ్యాల రాజేశానికి కూడా అన్నాడు.

"రాను అదినె," అన్నాడు.

ఖాళీ గ్లాసులు ఏరుతున్న సుధ తలెత్తి చూసింది.

"కాకా!" అన్నాడు గణేశ్.

"రాను. రాలేను. బండి మంచిదే గని నాతోని కాదు. వ్యాను అస్తది, ఎప్పుడస్తదో నాకు తెల్వది. మొన్న జులైల కొడిమ్యాలల ఒకాయనకు అస్తనని చెప్పిన. పోలే. మంచంల పండుకొని, దార్ల ఉన్న, జగిత్యాల దాటిన అని చెప్పిన అదినె. ఆయన పొలంకాడ సూసుకుంట నిలవడ్డడు."

ఒక్క గుక్కలో అనేశాడు. అన్నాక పెద్ద హాయి కూడా కలగలేదు.

కొమురవ్వ లేచి మళ్లీ మక్కల దగ్గరికి పోయింది. "అయితె నాకొద్దు తియ్యి," అంది, కోపం లేకుండా. "అన్నం తిని పో."

తిన్నాడు. తిని, వేపనీడలో వేసి ఉన్న మంచం మీద రెండు నిమిషాలు నడుము వాల్చాడు. అట్లాగే నిద్రపోయాడు. నెలల తర్వాత పట్టిన నిద్ర. కొమురవ్వ ఎవరినీ లేపనివ్వలేదు. లేచేసరికి ఎండ వాకిలి దాటింది, ఫోన్‌లో అఖిల్ కాల్స్ తొమ్మిది.

మోటార్ సైకిల్ దాకా గణేశ్ వెంట వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఒక్క మాట, కాకా. అస్త అంటె నీదేం పోయేది? నేను మస్కట్ల తొమ్మిదేండ్లు లారీ తోలిన, ఆగితె నేను సూసుకోనా? నిన్ను పిలుస్తుంటినా?"

"నువ్వు పిలువకపోతువు బిడ్డా. మీ అమ్మ పిలుస్తుండె."

"పిలిస్తె? ఏదో ఒకటి చెప్పరాదా? అందరు చెప్తలేరా?"

జితేందర్‌కు కాలెత్తి బండి ఎక్కడానికే చాలాసేపు పట్టింది.

సాయంత్రం షోరూంలో అఖిల్ అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నిజంగానే అర్థంకానట్టు చూశాడు.

"అన్నా, నిన్ను అబద్ధం ఆడమన్నరా ఎవరన్నా? ఊకె ఉండమన్న. ఆమె అడిగితె నవ్వి ఊకుంటె అయిపోతుండె. రాను అని చెప్తరా అన్నా ఎక్కడన్నా? మన బండి గురించి మనమే?"

"బండి గురించి చెప్పలే సారూ. నా గురించి చెప్పిన."

"కస్టమర్‌కు గా రెండు ఒకటే గదనే," అన్నాడు అఖిల్. పండుగకు రెండు రోజుల ముందు షోరూం గ్రూపులోంచి ఆయన నంబరు తీసేశారు.

దసరా మరునాడు పాషా ఫోన్ చేశాడు. వెనకాల సుత్తి చప్పుడు, పాషా నవ్వు.

"జితన్నా, విన్నవా? మీ కొమురవ్వ ఇంట్ల నీలిబండి దిగింది."

"ఎట్ల దిగింది?"

"సిరిసిల్ల షోరూంకెళ్లి. గణేశ్ మామ ఒక పోరన్ని తోలుకొచ్చిండు. కొత్త సేల్స్‌మేన్, కూలింగ్ గ్లాసులు. ముసలమ్మ అడిగింది, బండి ఆగితె అస్తవా అని. వాడన్నడు, అమ్మా, నువ్వు ఫోన్ పెట్టేలోపు అస్త అని! అక్కడికెళ్లి ఇక్కడికి ఎన్ని కిలోమీటర్లే భాయ్? నేను నవ్విన. ముసలమ్మ సంతకం పెట్టింది."

"నమ్మిందా?"

"ఏమో. నేను గూడ అదే అడిగిన. ఎవలో ఒకలు అస్తమన్నరు గదా పాషా, అన్నది. వాడల ఇంకో ముగ్గురు అడుగుతున్నరంట. నేనుగూడ ఇగ నీలిబండి పని నేర్సుకోవాలె." పాషా నవ్వు ఆపి అన్నాడు, "నువ్వు అస్త అనుంటె గవన్నీ నీయే అవుతుండె గదనే."

ఇప్పుడు జితేందర్ కోరుట్లలో ఒక స్పేర్ పార్టుల కొట్టులో కూర్చుంటున్నాడు. ఎర్రబండివీ నీలిబండివీ ఒకే అరలో ఉంటాయి. జీతం సగం కూడా లేదు, కూర్చునే పని కాబట్టి నడుముకు కొంచెం నయం. సామాన్లకు వచ్చినవాళ్లు ఇప్పటికీ ఎర్రబండి జితన్న అనే పిలుస్తారు, రంగు గురించి ఎకసక్కెం ఆడతారు, ఆయన నవ్వుతాడు. రాజేశం మాత్రం ఇంకా ఆ కొట్టు మెట్లు ఎక్కలేదు. ఇంట్లో నెలాఖరున రజిత బీడీల తట్ట పక్కన పెట్టి అడుగుతుంది. "కొడిమ్యాలాయనకు అస్త అని పోకపోతివి. కొమురవ్వకు రాను అని ఉన్న నౌకరి పోగొట్టుకుంటివి. బండి ఎట్లన్నా ఆళ్లింటికి అచ్చె. ఎవలికి మేలయ్యింది చెప్పు?" కోపంగా కాదు, తెలుసుకుందామనే అడుగుతుంది. ఆయన నిద్రొస్తుందని పక్కకు తిరుగుతాడు.

మీరే చెప్పండి. బండి మంచిది, కొడుక్కి ఇష్టం, తల్లి పెన్ను పట్టుకుని కూర్చుంది, వెనక మీ ఇల్లు మీ జీతం మీద ఉంది, ఆమె మీ మొహంలోకి చూసి "నువ్వస్తవా?" అంటోంది. ఆ అరుగు ముందు ఆ కుర్చీలో మీరుంటే, ఏమనేవారు?